పిండి డబ్బాలో మీటరు

ఉప్పు డబ్బాలో తడి చెంచా ఎవరు పెట్టారన్న దగ్గర మొదలైంది గొడవ.

"ఇది ఉప్పా, గోడకి కొట్టే సున్నమా?" అన్నారు బావగారు, ముద్ద కట్టిన ఉప్పును చెంచా కాడతో పొడుస్తూ. మా ఆయనకు అన్నగారాయన. ఇంట్లో ఏ విషయమైనా ఆయన అన్నదే ఆఖరి మాట.

"పొద్దున్నుంచి ఆ డబ్బా మొహం చూస్తే ఒట్టు," అంది అక్క. అక్కంటే బావగారి భార్య, నా తోటికోడలు. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి.

"ఇవాళ వంట చిన్నదానిదే కదా," అన్నారు అత్తయ్య, ఎవరి వంకా చూడకుండా.

"నేను పొడి చెంచానే వాడాను బావగారూ. మూత సరిగ్గా పెట్టనిదెవరో అడగండి."

"చెంచా పొడిదే కావచ్చమ్మాయ్, చెయ్యే తడిది. ఉప్పులో పెడితే ఉప్పు నీరుగారుతుంది, గుడ్లలో పెడితే గుడ్లు మురుగుతాయి. కొందరి చేతులంతే. వాళ్లనని లాభం లేదు."

అక్క ఫక్కున నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా ఆయన కంచంలో లేని రాయిని వేలితో వెతుక్కుంటూ కుక్కిన పేనులా కూర్చున్నారు.

గుడ్ల సంగతి చెప్పాలి. మా ఇంటి వెనక, వంటసామాన్ల గదిని ఆనుకుని రేకుల కప్పుతో ఒక గది ఉంది. అందులో బీరువా అంత పొదిగే పెట్టె. నూట ఇరవై గుడ్లు పడతాయి. ఇరవై ఒక్క రోజులు వేడి అటూ ఇటూ కాకుండా కాపాడితే పిల్లలవుతాయి. చుట్టుపక్కల కోళ్లు పెంచేవాళ్లందరూ పిల్లల కోసం మా గుమ్మానికే వస్తారు. ఈ ఇంటికొచ్చిన ఆరేళ్లలో నాదంటూ ఉన్న పని అదొక్కటే. గుడ్లను తిప్పడం, నీళ్ల గిన్నె నింపడం, ఏడో రోజున ఒక్కొక్కటే దీపం ముందు పట్టుకుని లోపల నరం పాకిందో లేదో చూడటం, అన్నీ నేనే. నూటికి ఎనభై తక్కువ కాకుండా లేచేవి. "చిన్నకోడలి చేతిలో వెచ్చదనం ఉంది" అని వచ్చినవాళ్లు అనేవారు. నేను డిగ్రీలో ఫిజిక్సు చదివానని ఎవరికీ గుర్తులేదు గానీ ఆ మాట మాత్రం అందరికీ గుర్తుండేది.

ఆ ఎండాకాలం మొదట్లో పెట్టెలో వేడిని అదుపు చేసే డబ్బా పాడైంది. మా ఆయన సబ్బుల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. రెండు రోజులు కూర్చుని సొంతంగా కొత్తది తయారుచేశారు. "బయట దొరికేవాటి కంటే ఇది గట్టిది," అన్నారు. బావగారు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, "మావాడి పనితనం," అని మురిసిపోయారు. ఆ తర్వాత పెట్టిన మొదటి బ్యాచ్‌లో నలభై పిల్లలు లేచాయి. రెండో దాంట్లో పదిహేడు.

లేవని గుడ్లను పగలగొట్టి చూశాను. కాళ్లూ ముక్కూ అన్నీ వచ్చిన పిల్లలే. లోపలే చచ్చిపోయాయి. నేను చేసేదాంట్లో తేడా ఏమీ లేదు. థర్మామీటరు పొద్దున చూసినా ముప్పై ఏడున్నర, సాయంత్రం ఆరింటికి చూసినా ముప్పై ఏడున్నర. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మాత్రం ఆ గది తలుపు తియ్యకూడదు. అది అత్తయ్య పెట్టిన కట్టడి. ఎండ ముదిరిన వేళ గుడ్లను కదిలిస్తే లోపలి ప్రాణం బెదురుతుందని ఆవిడ నమ్మకం. ఆ మూడు గంటలూ ఇల్లంతా కునుకు తీసేది.

బావగారు ఉప్పు డబ్బాకు మూత పెట్టి తేల్చేశారు. "రేపు పెట్టే బ్యాచ్ మీ అక్క చూసుకుంటుంది. నువ్వు ఆ గడప తొక్కకమ్మాయ్. నిన్ను తక్కువ చెయ్యడం కాదు. అచ్చిరానప్పుడు పక్కకి తప్పుకోవడం మంచిది."

మర్నాడు పక్కింటావిడ తన గుడ్లు మా పెట్టెలో పొదిగించడానికి బుట్టతో వచ్చింది. నేను చెయ్యి చాపాను. ఆవిడ బుట్టను ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "పెద్దావిడ లేదా?" అంది. అక్క స్నానం చేసి వచ్చేదాకా పావుగంట, ఆ బుట్ట చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడింది. నేను కుర్చీ వేస్తే కూర్చోలేదు.

ఆ పావుగంటలో నేను నిశ్చయించుకున్నాను. తెరవకూడని ఆ మూడు గంటల్లో ఎవరో గదిలోకి వెళుతున్నారు. ఏదో చేస్తున్నారు. నా అనుమానమంతా బావగారి మీదే. వరండాలో కూర్చునేది ఆయన, తాళంచెవి ఆయన తలపైన మేకుకే ఉంటుంది, తన భార్య చేతికి ఆ పని రావాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది. పట్టుకోవాలి. పట్టుకుని, అదే బల్ల దగ్గర, అందరూ తింటుండగా ఆయన ముందు పెట్టాలి.

మా ఆయన పాత మల్టీమీటరు ఒకటి అటక మీద పడి ఉంది. తిప్పే మీట విరిగితే ఆయన కొత్తది కొనుక్కున్నారు. మీట ఇరుక్కుపోయింది వేడిని కొలిచే గుర్తు దగ్గరే. నాకు కావలసిందీ అదే. దాని కొన చివర వెంట్రుకలా సన్నటి తీగ ఉంటుంది, ఎక్కడ పెడితే అక్కడి వేడి చెబుతుంది. మీటరు వెనక చిన్న నల్ల కిటికీ ఉంది. మామూలు కంటికి ఏమీ కనపడదు గానీ ఫోన్ కెమెరా పెట్టి చూస్తే ఊదారంగు వెలుగు టకటకా కొట్టుకుంటుంది. తెర మీద కనపడే అంకెలనే ఆ వెలుగు సెకనుకోసారి బయటికి చెబుతుంది. వినేవాళ్లుండాలి, అంతే.

పార్టుల షాపాయన నా చీటీని కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"మైక్రోకంట్రోలర్ బోర్డు, మెమరీ కార్డు పెట్టే సాకెట్టు, గడియారం ముక్క, కనపడని వెలుగును పట్టే కన్ను... బాబు ప్రాజెక్టా అమ్మా?"

"కాదండీ, నాకే."

"మీకా? ఏం చేస్తారు వీటితో?"

"మా ఇంట్లో ఒక దొంగని పట్టాలి."

"దానికి ఇవన్నీ ఎందుకమ్మా? పక్క షాపులో కెమెరాలున్నాయి. మొహంతో సహా పడుతుంది."

"కెమెరా అయితే దొంగకీ కనపడుతుంది కదండీ."

ఆయన నవ్వి, తీగలు ఒక జానెడు ఊరికే వేశాడు.

మధ్యాహ్నాలు అందరూ పడుకున్నాక వంటసామాన్ల గదిలో పని మొదలుపెట్టేదాన్ని. మీటరు పంపేది అంకె కాదని రెండో రోజుకి గాని తెలియలేదు. తెర మీద ఒక్కో అంకెకు ఏడు గీతలు. వాటిలో ఏవి వెలిగాయో అది చెబుతుంది. ఏ గీతలు కలిస్తే మూడు, ఏవి కలిస్తే ఎనిమిది అన్నది నేను రాసిపెట్టి బోర్డుకు నేర్పాలి. కాలేజీ వదిలి పదేళ్లయినా చెయ్యి మరిచిపోలేదు. మంచుముక్కల నీళ్లలో తీగ ముంచితే సున్నా, మరుగుతున్న గిన్నెలో ముంచితే వంద. జ్వరం చూసే థర్మామీటరును పక్కన పెడితే రెండూ ఒకే మాట చెప్పాయి.

మొదటి రోజు లెక్క తీసి చూస్తే పదిహేను నిమిషాలే ఉంది. ఎవరూ ముట్టుకోకపోతే మీటరు తనంతట తాను ఆరిపోతుందట. దాని కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, ఒక బొత్తాం నొక్కిపట్టి వెలిగిస్తే ఇక ఆరదని. రెండో రోజు బ్యాటరీ అయిపోయింది. బోర్డుకిచ్చే కరెంటే మీటరుకూ అందేలా తీగ కలిపాను. మూడో రోజు నుంచి అది నిమిషానికో అంకె చొప్పున, టైముతో సహా, కార్డులో రాయడం మొదలుపెట్టింది.

గుడ్ల గదికీ వంటసామాన్ల గదికీ మధ్య గోడలో పాత గొట్టం తాలూకు చిల్లు ఉంది. పెట్టె ఆ గోడకే ఆనుకుని ఉంటుంది. చీపురుపుల్లకు తీగ కట్టి చిల్లులోంచి, పెట్టె వెనక గాలి రంధ్రంలోంచి లోపలికి తోశాను. మీటరునూ బోర్డునూ ఖాళీ పిండి డబ్బాలో పెట్టి అలమార కింది అరలో తోశాను. గడప తొక్కలేదు. బావగారి మాట కూడా నిలిచింది.

ప్రతి సాయంత్రం కార్డు తీసి, అంకెలు చూసుకుని గ్రాఫు కాగితం మీద గీసేదాన్ని. రోజుకో కాగితం. రెండో కాగితం నుంచే కనపడింది. పన్నెండున్నర దాకా గీత అద్దంలా సాఫీగా ఉంటుంది. అక్కణ్ణుంచి పైకి ఎగబాకుతుంది. ఒంటిగంటా ఇరవైకి ముప్పై తొమ్మిది. అక్కడ విరిగి, అరగంట సేపు కిందికి జారి, ముప్పై నాలుగు దాకా వెళ్లి మళ్లీ లేస్తుంది. తలుపు తీస్తే వేడి ధబాలున పడుతుంది. ఇది అలా పడలేదు. మెల్లగా, గుండ్రంగా దిగింది. అంటే ఎవరో ప్లగ్గు పీకుతున్నారు.

"దొరికారు బావగారూ," అనుకున్నాను. ఏం మాట్లాడాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ముందు కాగితాలు పెట్టాలి. తర్వాత మంచినీళ్లు పెట్టాలి. ఆ తర్వాతే మాట్లాడాలి.

గుడ్లు పెట్టిన ఏడో రోజు, ఎనిమిదో రోజు బావగారు దాణా తేవడానికి వేరే ఊరు వెళ్లారు. ఆ రెండు కాగితాల మీదా గీత అలాగే విరిగింది. ఒంటిగంటా ఇరవైకే.

నాకు పాలుపోలేదు. అత్తయ్య ఆ వేళకు గురక పెడుతుంటారు. అక్క తలుపు వేసుకుని పడుకుంటుంది. మిగిలింది ఎవరో ఆలోచించడానికి కూడా మనసొప్పలేదు.

తొమ్మిదో రోజు మా ఆయనకు డబుల్ డ్యూటీ. అలాంటి రోజుల్లో భోజనానికి ఇంటికి రారు, క్యారియర్ కట్టిస్తాను. ఇల్లు సర్దుకుని రెండింటికి పిండి డబ్బా మూత తీశాను. మీటరు తెర మీద నలభై ఒకటి పైన రెండు. నేను చూస్తుండగానే మూడైంది.

ఆ రోజు ప్లగ్గు పీకేవాళ్లు లేరు.

వంటింటి క్యాలెండరులో ఆయన డబుల్ డ్యూటీలకు నేనే సున్నాలు చుడతాను. లేచి వెళ్లి వెనక్కి తిప్పి చూశాను. మొదటి బ్యాచ్‌లో ఒక సున్నా. రెండోదాంట్లో మూడు. ఎండకు రేకులు కాగినప్పుడు, ఆయన చేసిన డబ్బాలో హీటరును వేసి ఆపే రిలే అంటుకుపోతోంది. హీటరు ఆగడం లేదు. ఆయనకు తెలుసు. రోజూ భోజనం కాగానే చేతులు కడుక్కుంటానని లేచి, అందరూ కునుకు తీస్తుంటే మేకునున్న తాళంచెవితో ఆ గది తీసి, అది చల్లారేదాకా ప్లగ్గు పీకి, మళ్లీ పెట్టి డ్యూటీకి వెళుతున్నారు. రాని రోజున గుడ్లు ఉడుకుతున్నాయి. గుడ్లలో పెడితే గుడ్లు మురుగుతాయని బావగారు అన్నప్పుడు, ఆయనకు తెలుసు.

అక్క గది తలుపు పది అడుగుల దూరంలో ఉంది. తట్టి, "అక్కా, లేచి ఆ ప్లగ్గు పీకు," అంటే సరిపోయేది. అవేమీ పాపం చెయ్యని గుడ్లని కూడా నాకు తెలుసు. తెర మీద ఆ మూడు కాస్తా నాలుగైంది. అక్క ఫక్కున నవ్వడం గుర్తొచ్చింది. చంకన బుట్టతో గుమ్మంలో నిలబడ్డ పక్కింటావిడ గుర్తొచ్చింది.

డబ్బాకు మూత పెట్టి, వెళ్లి బట్టలు మడత పెట్టుకున్నాను.

పదహారో రోజు మళ్లీ డబుల్ డ్యూటీ. ఆ రోజు మూత తీసి చూడటానికి, పెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఇరవై ఒకటో రోజు ఇరవై మూడు పిల్లలు లేచాయి. మర్నాడు ఇంకో రెండు లేచి, ఒకటి పోయింది. బావగారు గది గుమ్మంలో నిలబడి మీసం సవరించుకున్నారు. చెయ్యి అన్న మాట ఆయన నోట రాలేదు. సొంత భార్యను అనాలిగా మరి.

ఆ సాయంత్రం అక్క వంటింట్లోకి వచ్చి నా ముందు రెండు చేతులూ చాపింది. చూస్తే ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"చూడవే. నా చేతుల్లో ఏముంది? నువ్వు చెప్పినట్టే తిప్పాను. నీళ్లు పోశాను. గుర్తుపెట్టి మరీ చూశాను. పక్కింటావిడ నిన్ను అన్నదే నన్నూ అని పోయిందే."

మూడు వారాలుగా ఎదురుచూసిన మాట అది. తియ్యగా ఉంటుందనుకున్నాను. "ఏమీ లేదక్కా, నీ చేతుల్లో," అన్నాను.

మర్నాడు ఆదివారం. పొద్దున ఆయన గడ్డం గీసుకుంటుంటే కాగితాలు తెచ్చి అద్దం పక్కన పెట్టాను.

"ఏంటివి?"

"మీ పెట్టె జాతకం."

ఎలక్ట్రీషియన్‌కు గీత చదవడం ఎవరూ చెప్పక్కర్లేదు. సబ్బు నురగ బుగ్గ మీదే ఆరిపోతుండగా ఒక్కొక్కటే తిప్పారు. తొమ్మిదో రోజు కాగితం దగ్గర ఆగారు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అన్నాను.

"మొదటి బ్యాచ్ అప్పుడే... రిలే కొత్తది కాదు. ఫ్యాక్టరీలో పారేసిన ప్యానెల్లోంచి తీశాను. మార్చేద్దామనే అనుకున్నా. ఈలోపు అన్నయ్య ఊరందరికీ చూపించేశాడు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నాతో చెప్పొచ్చుగా. మీరు రాని రోజు నేనే పీకేదాన్ని కదండీ."

"మిగతా రోజులు గుడ్లు పోకుండా చూసింది నేనే కదా! అది చూడవే?"

"చూశాను. నా చెయ్యి తడిదని అంటుంటే కంచంలోకి చూడటమూ చూశాను."

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు. అయిందేదో అయింది. సాయంత్రం కొత్త రిలే వేసేస్తా, ఎవరికీ తెలియక్కర్లేదు. జనం నాలుగు రోజులు అంటారు, తర్వాత వాళ్లే మర్చిపోతారు." ఆయన మళ్లీ తొమ్మిదో రోజు కాగితం తీశారు. తేదీ చూశారు. "ఇది పద్నాలుగు రోజుల కిందటిది. అంటే నీకు అప్పుడే తెలుసు."

"తెలుసు."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"మీ దగ్గర నేర్చుకున్నాను."

ఆయన బుగ్గ మీద నురగ తుడుచుకున్నారు. సగం గడ్డం అలాగే ఉంది.

"మధ్యాహ్నం భోజనాల దగ్గర మీరే చెప్పండి," అన్నాను.

"చూద్దాంలే," అన్నారు.

ఆ 'చూద్దాంలే' ఎంత దూరం వెళుతుందో ఆరేళ్లుగా తెలిసినదాన్ని. ఆయన స్నానానికి వెళ్లగానే ఆయన ఫోన్లోంచే ఒక నంబరు తీసుకుని మాట్లాడాను.

మధ్యాహ్నం అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. మా ఆయన కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయన్నారు. తర్వాత ఎండ గురించి అన్నారు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో కొత్త మేనేజరు గురించి అన్నారు. ఆయన అంత ఎక్కువ మాట్లాడటం అత్తయ్యకే వింతగా ఉన్నట్టుంది. "ముందు తినరా," అన్నారు.

అక్క సగం తిని కంచం పక్కకి జరిపింది. బావగారు అది చూసి గొంతు సవరించుకున్నారు.

"నేనొకటి అనుకున్నాను. ఆ పెట్టె తీసేద్దాం. ఈ ఇంటి ఆడవాళ్లకి అది అచ్చిరాలేదు. అందరికీ మనశ్శాంతి."

నేను మా ఆయన వంక చూశాను. నోట్లో ముద్ద ఉన్నట్టు దవడ ఆడిస్తున్నారు. నోట్లో ఏమీ లేదు.

"తీసెయ్యక్కర్లేదు బావగారూ," అన్నాను. "నాలుగింటికి ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు."

"ఎలక్ట్రీషియనా? ఇంట్లో ఒకడుండగా బయటివాడెందుకమ్మాయ్?"

"బయటివాడేం కాదు. ఫ్యాక్టరీలో ఈయన కింద చేసేవాడే. పొద్దున ఫోన్ చేసి పిలిచాను. పెట్టె డబ్బా విప్పి, లోపల ఏం వేశారో చూసి, మనందరి ముందూ చెప్తానన్నాడు. పక్కింటావిడని కూడా రమ్మన్నాను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మా ఆయన చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అందులో కొత్త రిలే ఉన్నట్టుంది. నాలుగు పలకలుగా ఉబ్బెత్తుగా కనపడుతోంది. బావగారు ముందు ఆ జేబు వంక, తర్వాత సగం గీసిన ఆ గడ్డం వంక చూశారు.

"ఏంట్రా?" అన్నారు.

అత్తయ్య గరిటె గిన్నెలో వదిలేశారు. అక్క మెల్లగా తలెత్తి, మొదట తన భర్తనూ తర్వాత నన్నూ చూసింది.

"దానికి జవాబు ఈయన చెప్తారు, నాలుగింటిదాకా టైముంది," అన్నాను. "ఇంకోటి కూడా చెప్పాలి. వచ్చే బ్యాచ్ నేనూ అక్కా కలిసి పెడతాం. మధ్యాహ్నం కూడా తలుపు తీసి చూస్తాం అత్తయ్యా, మీరు కాదనొద్దు. గది తాళంచెవులు రెండు చేయిద్దాం. ఒకటి నా దగ్గర, ఒకటి అక్క దగ్గర. ఈయన దగ్గర ఉండదు."